కె.ఆర్.పురం దాటాక ఒక లేన్ మూయాలి: ట్రాఫిక్ ప్లానుకు కొలతలు ఎలా వేయాలి?

ప్రశ్న

నమస్కారమండీ. మాది నెల్లూరు. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక హొసకోట వైపు సాగుతున్న ఒక రోడ్డు పనిలో సైట్ ఇంజనీరుగా చేరి నాలుగు నెలలైంది. ఒక వైపున్న మూడు లేన్లలో ఎడమ లేన్‌ను సుమారు 200 మీటర్ల మేర మూసి డ్రెయిన్ కట్టవలసి ఉంది. పాత ప్రాజెక్టు డ్రాయింగు ఒకటి చేతికిచ్చి, పేరు మార్చి పంపమన్నారు. అందులో బారికేడ్లు ఎక్కడ పెట్టాలో ఉంది గానీ ఆ కొలతలు ఎలా వచ్చాయో లేదు. టేపర్ (బండ్లను మూసిన లేన్ నుంచి పక్క లేన్‌లోకి మళ్లించే ఏటవాలు కోన్ల వరుస) పొడవు దేన్నిబట్టి నిర్ణయిస్తారు? పని పగలు పెట్టుకోవచ్చా, రాత్రికే పరిమితం చేయాలా? అనుభవమున్నవారు వివరించగలరని మనవి.

సమాధానం 1

ముందుగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో సవరించి వెలువరించిన ఎస్.పి. 55 (పనులు జరిగే రోడ్లపై ట్రాఫిక్ నిర్వహణ మార్గదర్శకాలు) తెప్పించుకోండి. ముందస్తు హెచ్చరిక, లేన్ మారే భాగం, పని జరిగే భాగం, మళ్లీ మామూలు దారిలో కలిసే భాగం అని అది రోడ్డును విడదీసి చెబుతుంది. అయితే చాలామంది డ్రాయింగును బారికేడు దగ్గర మొదలుపెడతారు. నేనైతే క్యూలో చివరి బండి ఎక్కడ ఆగుతుందో అక్కడ మొదలుపెడతాను.

ఒక ఉదాహరణ చూడండి. సాయంత్రం గంటకు 3,800 పి.సి.యు. (అన్ని రకాల బండ్లనూ కార్ల లెక్కలోకి మార్చిన సంఖ్య) వస్తున్నాయనుకుందాం. పని జరిగే చోట లేనుకు గంటకు సుమారు 1,600 దాటగలవని అమెరికావారి 2000 నాటి హైవే కెపాసిటీ మాన్యువల్ లెక్క. మిగిలిన రెండు లేన్లలో 3,200 పోతే గంటకు 600 ఆగిపోతాయి, రెండు గంటలకు 1,200 అవుతాయి. వెనుక మూడు లేన్లలో ఒక్కో బండికి 7 మీటర్ల చొప్పున నిలిస్తే క్యూ 2.8 కిలోమీటర్లు. మీరు 500 మీటర్ల ముందు పెట్టిన ‘ముందు పని జరుగుతున్నది’ అన్న బోర్డు ఆ క్యూ మధ్యలో, అప్పటికే ఆగి ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. వేగంగా వచ్చి చివరి బండిని గుద్దబోయేవాడికి కనిపించదు.

సమాధానం 2

పై లెక్క పద్ధతి సరైనదే గానీ, 1,600 అన్న అంకెను మన రోడ్డుకు యథాతథంగా వాడవద్దని నా సలహా. లేన్ ఇరుకైన చోట ఆటో, బస్సు, వాటి మధ్యలోంచి దూరే మోటారు సైకిళ్లు కలిసి ఎలా నడుస్తాయో మీ చోటే రెండు రోజులు లెక్కపెట్టుకోవాలి.

టేపర్‌కు అమెరికావారి మరో మాన్యువల్, ట్రాఫిక్ నియంత్రణ సాధనాలది (ఎం.యు.టి.సి.డి.), ఇచ్చే సూత్రం ఇది: గంటకు 60 కిలోమీటర్ల లోపు అయితే లేన్ వెడల్పును వేగం వర్గంతో గుణించి 155తో భాగించాలి, 70, అంతకు మించితే వెడల్పును వేగంతో గుణించి 1.6తో భాగిస్తే చాలు. 3.5 మీటర్ల లేన్‌కు 50 వేగంలో సుమారు 56 మీటర్లు, 80 వేగంలో 175 మీటర్లు వస్తుంది. రాత్రి రద్దీ తగ్గుతుందని అందరూ సంతోషిస్తారు, కానీ రోడ్డు ఖాళీ అయ్యేసరికి వేగం పెరుగుతుంది. అందుచేత 50 వేగానికి గీసిన పగటి డ్రాయింగునే 80 వేగముండే రాత్రికి వాడితే టేపర్ కావలసినదానిలో మూడో వంతుకు పడిపోయినట్టే. నేను పనిచేసిన ఒక సైట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. తెల్లవారుజామున మూడింటికి ఒక మోటారు సైకిలు కోన్ల వరుసలోకి దూసుకొచ్చింది. పడి ఉన్న కోన్లను లేపి చూస్తే, వాటి రిఫ్లెక్టర్ పట్టీలు దుమ్ముకు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. మనిషి బతికాడు గానీ ఆ రాత్రి కోన్లు తుడిచే బాధ్యత ఎవరిదో ఏ కాగితంలోనూ లేదు.

దీనికి కారణం డబ్బే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో 112వ క్లాజు ప్రకారం ట్రాఫిక్ ఏర్పాట్లు చాలావరకు పనిలో అంతర్భాగమే, కాబట్టి వాటికి విడిగా బిల్లు రాదు. బిల్లు రాని వస్తువు సైట్‌లో ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలియనిది కాదు. ఫ్లాగ్‌మన్ ఎవరు, ఏ షిఫ్టు, కోన్లు ఎన్ని గంటలకొకసారి చూడాలి అన్నది ప్లానులోనే రాసి సంతకం చేయించండి.

సమాధానం 3

ఒక్క మాట చేర్చుతాను. మూసేది ఎడమ లేన్ కనుక బస్ స్టాపు ఎక్కడుందో చూశారా? దాన్ని ముందుగా జరపకపోతే ప్రయాణికులు రెండో లేన్‌లోకి వచ్చి నిలబడతారు. శుక్రవారం రాత్రి పది, పదకొండు గంటలకు తిరుపతి, నెల్లూరు వెళ్లే ప్రైవేటు బస్సులన్నీ ఆ దారినే పడతాయి. సంక్రాంతి ముందు వారమైతే చెప్పనక్కరలేదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాత డ్రాయింగులో టేపర్ 60 మీటర్లే ఉంది, పైగా బస్ స్టాపు సరిగ్గా దాని మధ్యలో పడుతోంది. గురు, శుక్రవారాలు బండ్లు లెక్కపెట్టి, పగటికి ఒకటి, రాత్రికి ఒకటి చొప్పున రెండు డ్రాయింగులు గీసి, ఆ తరువాతే ట్రాఫిక్ పోలీసుల అనుమతికి వెళతాను. శుక్రవారం రాత్రి మాత్రం లేన్ మూయను.