కైజెన్‌లో మిగిలిన నిమిషాలను రూపాయల్లో చూపించవచ్చా?

ప్రెస్‌షాప్_ప్లానింగ్:
ప్రెస్‌లో డై (ముక్కకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి 60 నిమిషాలు పట్టేది, కైజెన్ (పనిలో చేసే చిన్న చిన్న మెరుగుదలలు) తర్వాత 20కి దిగిందనుకుందాం. రోజుకు 4 మార్పులు, నెలకు 26 రోజులు. 4,160 నిమిషాలు మిగిలాయి. మెషిన్ అవర్ రేటు (మెషిన్‌కు గంటకు కట్టే ఖర్చు) 900 రూపాయలైతే నెలకు 62,400 ఆదా. ఇలా రాయడం సరైనదే అంటాను. అంకె చూపకపోతే రెండో డైకి మేనేజ్‌మెంట్ డబ్బివ్వదు.

కాస్టింగ్_డెస్క్:
ఒప్పుకోను. ఆ 900లో తరుగుదల, షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం ఉంటాయి. ప్రెస్ నడిచినా ఆగినా అవి తప్పవు. ఓటీ (ఓవర్‌టైమ్) తగ్గిందా? బయటికిచ్చే జాబ్‌వర్క్ లోపలికొచ్చిందా? లైను మొత్తం ఆ ప్రెస్ దగ్గరే ఆగుతూ, అదనపు ముక్కలకు ఆర్డరుందా? మూడిట్లో ఏదీ లేకపోతే ఖాతాలో పడేది సున్నా.

లీన్_షాప్‌ఫ్లోర్:
మిగిలిన సమయాన్ని దేనికి వాడారో చూడండి. 4 మార్పులకు పోయే 240 నిమిషాల్లోనే ఇప్పుడు 12 మార్పులు చేయొచ్చు. లాట్ (ఒక విడతలో చేసే ముక్కలు) 3,000 నుంచి 1,000కి, సగటు నిల్వ 1,500 నుంచి 500కి దిగుతుంది. ముక్కకు ముడిసరుకు 80 రూపాయలు, 20 రకాల పార్టులైతే 16 లక్షలు చేతికొస్తాయి. అప్పుడు ఆ 62,400 రాయకూడదు, ఆ నిమిషాలు ఖర్చైపోయాయి. 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ సెటప్‌ను 4 గంటల నుంచి గంటన్నరకు, ఆపైన 3 నిమిషాలకు జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో దించారు. ఆ పనికి అసలు ఫలం చిన్న లాట్లే.

కాస్టింగ్_డెస్క్:
ఇది ఒప్పుకుంటాను. అయితే 16 లక్షలు ఒక్కసారి వచ్చేవే. ఏటా మిగిలేది వాటి మీద వడ్డీ, 12 శాతం చొప్పున 1.92 లక్షలు. ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది చూడరు. నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ప్రకారం నిల్వ విలువలో స్థిర ఓవర్‌హెడ్ (తరుగుదల, అద్దె లాంటి ఖర్చులు) వాటా కూడా కలుస్తుంది. నిల్వ కరిగిన త్రైమాసికంలో ఆ వాటా ఖర్చుగా లాభనష్టాల ఖాతాకెక్కుతుంది. పని బాగుపడిన ఆ మూడు నెలల్లోనే లాభం తగ్గినట్టు కనబడుతుంది. ఈ సంగతి డైరెక్టర్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే కైజెన్‌నే తప్పుపడతారు.

క్వాలిటీ_చార్ట్:
అందరూ 60, 20 అన్న అంకెలను నమ్మేశారు. పాత డై చివరి మంచి ముక్క నుంచి కొత్త డై మొదటి మంచి ముక్క దాకా కొలవాలి. చాలాచోట్ల క్లాంపు బిగించగానే వాచీ ఆపేస్తారు. షట్ హైట్ (ప్రెస్ మూసుకున్నప్పుడు డైకి ఉండే ఎత్తు) సర్దడం, ట్రయల్ ముక్కలు, క్వాలిటీ ఓకే కోసం ఎదురుచూపు లెక్కలోకి రావు. పైగా బాగా చెడిన వారాన్నే ‘ముందు’ అంకెగా తీసుకుంటారు. అలాంటి వారం తర్వాత ఏమీ చేయకపోయినా సమయం సాధారణంగా కొంత తగ్గుతుంది. కైజెన్‌కు ముందే కనీసం 20 మార్పుల సమయాలు కంట్రోల్ చార్టులో (సగటు గీత చుట్టూ ఒక్కో కొలతను చుక్కగా పెట్టే పటం) వేయండి. ఆ తర్వాత వరసగా 8 చుక్కలు పాత సగటు కింద పడితేనే తగ్గిందని రాయండి. మూడు నెలలకు మళ్లీ కొలవండి. డైల ఎత్తు, క్లాంపు మందం ఒకటే ఉండేలా చేసి సాధించిన ఆదా, వేరే కొలతతో ఒక్క కొత్త డై వస్తే పోతుంది.

ప్రెస్‌షాప్_ప్లానింగ్:
కొలత, నిల్వ లెక్క సరే. కానీ ప్రతి సూచనకూ రూపాయి రుజువు అడిగితే ఆపరేటర్లు సూచనలివ్వడం మానేస్తారు. చిన్న ఖర్చు పనులకు నిమిషాలు చాలు. పెట్టుబడి అడిగే వాటికే ఫైనాన్స్ సంతకం పెట్టండి.