ఇంటర్వ్యూ మార్కులు ఎత్తేస్తే పైరవీలు ఆగుతాయా?

అరుగు:
సూటిగా అడుగుతున్నాను. ప్రభుత్వ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పూర్తిగా ఎత్తేయాలి, బడి సీట్లు డ్రా తీసి ఇవ్వాలి అన్నది నా వాదన. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి పోస్టులకూ, గ్రూప్ బి నాన్‌గెజిటెడ్ పోస్టులకూ ఇంటర్వ్యూలు తీసేసింది. మరి పై పోస్టులకు ఎందుకు ఉంచారు? వ్యక్తిత్వం చూస్తామనే మాట చాటున ఎవరి అబ్బాయి, ఎవరు ఫోన్ చేశారు అని చూసే వీలుంటే, చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. పేపరు దిద్దేవారికి పేరు కనబడదు. ఇంటర్వ్యూలో మనిషే ఎదురుగా కూర్చుంటాడు.

నల్లబల్ల:
అరుగు గారూ, నేను ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. రాతలో మంచి ర్యాంకు తెచ్చుకుని, తరగతిలోకి వచ్చాక పిల్లల వైపు చూడలేక బోర్డుతోనే మాట్లాడిన కొత్త టీచర్లను చూశాను. తప్పు వాళ్లది కాదు, ఎంపిక చేసినవాళ్లు చూడాల్సింది చూడలేదు. పది నిమిషాలు పాఠం చెప్పించి చూడకుండా టీచర్ని ఎలా తీసుకుంటారు? పైరవీకి భయపడి చూడటమే మానేస్తే నష్టపోయేది పిల్లలు.

వానమబ్బు:
నాకు జరిగింది చెబుతాను. రాతలో మొదటి పది మందిలో ఉన్నాను. ఇంటర్వ్యూ నాలుగు నిమిషాలు. నాన్నగారు ఏం చేస్తారన్నది మొదటి ప్రశ్న. మీవాళ్లెవరైనా ఈ శాఖలో ఉన్నారా అన్నది రెండోది. లేరన్నాను. సబ్జెక్టులో ఒకే ఒక్కటి అడిగి, జవాబు పూర్తికాకుండానే ఇక వెళ్లొచ్చన్నారు. 50కి 11 వేశారు. రాతలో నాకంటే చాలా వెనకున్న ఒకరికి 44 వచ్చాయి. ఆయనకు అర్హత లేదని నేను అనలేను, నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ఆ రోజు నుంచి మా నాన్న "ముందే ఎవరినైనా పట్టుకోవాల్సింది" అని తనను తాను తిట్టుకుంటున్నారు. నిజాయితీగా ఉన్న మనిషి తానే తప్పు చేశానని అనుకోవాల్సి రావడం నన్ను ఇప్పటికీ కోస్తుంది.

తెల్లకాగితం:
వానమబ్బు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఇంటర్వ్యూ లేనిచోట దొంగదారి లేదనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లో 2013లో బయటపడ్డ వ్యాపం (ఆ రాష్ట్ర వృత్తి పరీక్షల మండలి) కుంభకోణమంతా రాత పరీక్షల చుట్టూ జరిగిందే. బాగా చదివేవాడిని డబ్బిచ్చి తెచ్చి ముందు కూర్చోబెట్టి, డబ్బు కట్టినవాడిని వెనక వేసి కాపీ కొట్టించేవారు. దీన్ని ఇంజిన్, బోగీ అనేవారు. అలా వైద్య కళాశాలల్లో చేరిన ఆరు వందల మందికి పైగా ప్రవేశాల రద్దును సుప్రీంకోర్టు 2017లో సమర్థించింది.

పశ్చిమ బెంగాల్ సంగతి ఇంకా బాధాకరం. 2016 నాటి ఉపాధ్యాయ, సిబ్బంది నియామకాల్లో ఓఎంఆర్ మార్కులు తారుమారయ్యాయి, అసలు షీట్లు ధ్వంసమయ్యాయి, నకళ్లు కూడా ఉంచలేదు. చివరికి 2025 ఏప్రిల్‌లో సుమారు 25 వేల నియామకాలు మొత్తంగా రద్దయ్యాయి. కష్టపడి వచ్చినవాళ్లు కూడా ఆ లెక్కలోనే పోయారు. నిజాయితీపరుణ్ణి వేరు చేసి చూపించే కాగితం మిగలలేదు మరి. కాబట్టి పరీక్ష రాతదా, మాటదా అని కాదు, ఎవరు ఏం చేశారో చూపే ఆధారం మిగిలిందా అని అడగాలి.

పాతఫైలు:
ఈ ప్రశ్న కొత్తది కాదు. 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాతకు 100 మార్కులు, మౌఖికానికి 50. వానమబ్బు గారి మాట చదవగానే అదే గుర్తొచ్చింది, అక్కడా రెండు మూడు నిమిషాలే, అక్కడా తల్లిదండ్రుల గురించి, ఊరి గురించి ప్రశ్నలే అని పిటిషనర్లు చెప్పుకున్నారు. మొత్తంలో మూడో వంతు మౌఖికానికి కేటాయించడం చెల్లదని, ప్రవేశాల్లో 15 శాతం దాటితే ఇష్టారాజ్యమేనని కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేయడం మంచిదని కూడా అంది. నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డు చేసే ఫోన్ ఉంది.

1985లో హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో బంధువుల సమస్యే వచ్చింది. సభ్యుడి బంధువు అభ్యర్థిగా ఉంటే, ఆ అభ్యర్థి వంతు వచ్చినప్పుడు ఆ సభ్యుడు తప్పుకుంటే చాలు, మొత్తం ఎంపిక నుంచి తప్పుకోనక్కర్లేదు అని తేల్చారు. నాకు ఇది నచ్చదు. తన మేనల్లుడికి మార్కులు వేయకపోయినా, పోటీలో ఉన్న మిగతావాళ్లకు తక్కువ వేస్తే చాలు కదా!

అరుగు:
పాతఫైలు గారూ, ఆ చివరి మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. పోనీ, టీచరు పోస్టుకు పాఠం చెప్పించి చూడటం అవసరమేనని ఒప్పుకుంటాను. ఐతే ఒక్కో సభ్యుడు విడివిడిగా మార్కులు వేయాలి, అక్కడికక్కడే సంతకం పెట్టాలి, రికార్డింగ్ అభ్యర్థికి ఇవ్వాలి. బడి సీట్ల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

నల్లబల్ల:
అక్కడ మీతోనే ఉన్నాను. అయిదారేళ్ల పిల్లకు మెరిట్ ఏమిటి? విద్యాహక్కు చట్టం, 2009 పదమూడో సెక్షన్ పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడబోయడాన్ని, క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. అయినా "ముచ్చటగా మాట్లాడదాం" అని అమ్మానాన్నలను పిలిచి చదువు, జీతం కనుక్కునే పద్ధతి పోలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీ ఏడాదికి పది మందిని సిఫారసు చేసే కోటా 2022 దాకా ఉండేది. 788 మంది ఎంపీలంటే 7,880 సీట్లు. అది పేదవాడికీ అందేదని కొందరు సమర్థించారు, అందిన సందర్భాలూ ఉండొచ్చు. కానీ ఎంపీ ఇంటి గడప దాకా వెళ్లగలిగిన పేదవాడికే అందేది. డ్రాకి గడప ఉండదు.

తెల్లకాగితం:
డ్రా కూడా అందరి ముందు తీయాలి. గదిలో కూర్చుని కంప్యూటర్‌తో తీశామంటే నేను నమ్మను.

పాతఫైలు:
సభ్యులు సంతకం పెట్టాలన్న అరుగు గారి ప్రతిపాదనకు ఒక అడ్డు ఉంది. ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లు సమాచార హక్కు కింద ఇవ్వనక్కర్లేదని 2012లో బిహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల భద్రత కోసం. ఆ భయం నిజమైనదే, ఓడిపోయినవాళ్లలో ఒకడు కత్తి పట్టుకుని రావచ్చు.

వానమబ్బు:
నాకు వాళ్ల పేర్లు వద్దండీ, ఇంటి అడ్రసులూ వద్దు. ఆ నాలుగు నిమిషాల రికార్డింగ్, ఆ 11కి పక్కన రాసిన ఒక్క వాక్యం చాలు. రెండూ మా నాన్నకు వినిపించాలి.