దమ్ము ట్రాక్టరు అతికించినట్టు కనిపిస్తోంది, ఏం చెయ్యాలి?

మడిగట్టు (పర్లాకిమిడి):
ఆషాఢం దమ్ము పని బొమ్మ వేస్తున్నాను. నీళ్ళు పెట్టిన మడి, పక్కన నారుమడి, వెనక కొండలు. ఏ3 సైజు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) మందం కాగితం, నీటిరంగులు. కొండలూ నీళ్ళూ కుదిరాయి. ఎర్ర ట్రాక్టరు మాత్రం కత్తిరించి అతికించినట్టుంది. తీసేసి ఎడ్లు పెట్టెయ్యనా?

తడికాగితం:
ఎడ్లు పెడితే క్యాలెండరు బొమ్మ అయిపోతుంది. ట్రాక్టరే ఉంచండి. ముందు చక్రాలు చూసుకోండి. ఏటవాలుగా చూసినప్పుడు చక్రం దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది కదా, దాని పొట్టి అక్షం ఇరుసు దిశలోనే ఉండాలి. అది తప్పితే చక్రం ఊడిపోతున్నట్టుంటుంది. ఇంకోటి, దమ్ములో చక్రం అడుగు బురదలో ఉంటుంది. మీరు గుండ్రంగా పూర్తిచేసి ఉంటారు, అందుకే తేలుతోంది. బురద రంగును చక్రం మీదికి లాగండి. దమ్ము చక్రాల ఇనప పట్టీలు లెక్కపెట్టి గియ్యకండి. సగం బురదతో మూసుకుపోయి ఉంటాయి, మూడో నాలుగో చాలు.

గుణుపూర్ కుంచె:
ఎరుపు ట్యూబులోంచి నేరుగా వేసినట్టున్నారు. నారుమడి పచ్చ పక్కన అది అరుస్తుంది. కాడ్మియం రెడ్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ రంగు), నీడవైపు అల్ట్రామెరీన్ నీలం కలపండి. బానెట్ పైభాగం ఆకాశాన్ని చూస్తుంది గనక అక్కడ ఎరుపు పల్చనై నీలం తిరగాలి.

అసలు అతుకు నీళ్ళలో ఉంది. ట్రాక్టరు ముందు నీరు నిలకడ, కాబట్టి ప్రతిబింబం నిలువుగా దిగాలి, అసలు ఎరుపుకన్నా ఒక మెట్టు ముదురుగా, మట్టి కలిసి. వెనక నీరు చెదిరిపోయింది, అక్కడ వెయ్యకూడదు. కాగితం మీద తడి మెరుపు పోయి, తాకితే చల్లగా ఉన్నప్పుడు వెయ్యండి. ముందే వేస్తే పాకుతుంది, పూర్తిగా ఆరాక వేస్తే అంచు గట్టిపడి మళ్ళీ అతుకే.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో వానలో వస్తున్న రైలు వేశాడు. ఇంజను నల్ల పొగగొట్టం స్పష్టంగా ఉంటుంది, చుట్టూ అంతా వానలో కరిగిపోతుంది. మీకు ఆ పని సైలెన్సరు గొట్టం చేస్తుంది. మిగతా అంచుల్ని తడి కుంచెతో చెరపండి.

మడిగట్టు:
వెనక కొంగలకి తెల్లరంగు వాడొచ్చా?

తడికాగితం:
వాడొచ్చు గానీ సుద్దలా తేలుతుంది. రంగు అంటకుండా కాగితాన్ని కప్పే మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో ముందే కాగితం తెలుపు ఆపుకోవాల్సింది. ఇప్పుడైతే బాగా ఆరాక బ్లేడు మొనతో గీకండి, 300 జీఎస్ఎం తట్టుకుంటుంది. కొంగలు వచ్చేది పురుగుల కోసం, అందుకని తిరగబడ్డ మట్టి వెంటే ఉంచండి. ఆకాశం నిండా చల్లకండి.