అప్‌డేట్: దురద ఉన్నప్పుడు కారం తినవచ్చా?

చర్మం దురదగా ఉంటే కారం పూర్తిగా మానేయాలా అని అడిగాను కదా, చర్మ వైద్యురాలిని కలిశాను. నాది ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే సమస్య) అట. కారం దానికి మూలకారణం కాదు గానీ, కొందరిలో దురదను రేపుతుందన్నారు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నాడులను ప్రేరేపిస్తుంది. ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది, దాంతో దురద పెరుగుతుంది. విచిత్రం ఏమిటంటే, అదే క్యాప్సైసిన్‌ను కొన్ని రకాల దురదలకు పైపూతగా వాడతారు! పగిలిన చర్మంపై మాత్రం రాయకూడదు, భగ్గుమంటుంది.

నిజానికి నాకు ఎక్కువ ఊరట ఇచ్చింది కారం తగ్గించడం కాదు. గోరువెచ్చని నీళ్ల స్నానం, తడి పూర్తిగా ఆరకముందే రాసే మాయిశ్చరైజర్. కారం మానలేదు, దురద రేగిన రోజుల్లో తగ్గిస్తున్నాను. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు వచ్చేవారి సంగతి వేరు. అది అలర్జీ కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.