వరంగల్‌ల ఈ సున్న ఎక్కడిది? ఓరుగల్లుల లేదు కదా

కాజీపేట_పోరడు:
అన్నా ఒక డౌట్. ఓరుగల్లు అంటే ఒంటి రాయి, అందుకే ఏకశిలానగరం అన్నరు అని చిన్నప్పట్నుంచి వింటున్నం, ఖిలాల ఆ ఏకశిల గుట్ట గూడ ఎక్కినం. మరి వరంగల్ అన్నప్పుడు మధ్యల సున్న ఎట్లొచ్చింది? మా ఆఫీసుల ఒకాయన ఢిల్లీ సుల్తానులోళ్లకు నోరు తిరగక అట్ల చేసిండ్రు అంటడు. ఇంకోటి, ఒరు అంటే తమిళం కదా, మనది ఒకటి కదా?

పాతపుస్తకాలపురుగు:
రెండోది ముందు చెప్తా. ఒరు తమిళంవాళ్ల సొంతమేం కాదండీ, మనకీ ఉంది, వాడకం పోయిందంతే, పద్యాల్లో ఒండొరులు అని వస్తుందే, ఒకరినొకరు అని, అందులో ఉన్నది అదే. కల్లు అంటే రాయి, పెళ్లిలో సన్నికల్లు తొక్కిస్తారు కదా ఆ కల్లు (తాగేది వేరు, ముందే చెప్తున్నా).

ఇక సున్న సంగతి. పాత అచ్చు పుస్తకాల్లో ఓరుఁగల్లు అని అరసున్నతో ఉంటుంది చూడండి. ఇప్పుడు అరసున్న పెట్టే చాలా మాటల్లో ఒకప్పుడు నిండుసున్నే పలికేవాళ్లు, కాకతీయుల నాటి శాసనాల్లో కూడా ఓరుంగల్లు అని కనిపిస్తుంది. అంటే సుల్తానులవాళ్లు విన్నదే రాసుకున్నారు, తర్వాత మన నోట్లోనే అది అరిగిపోయింది, వాళ్ల రాతల్లో మిగిలింది.

కాజీపేట_పోరడు:
అంటే నోరు తిరగంది మనకేనా 😂

టీ_తాగుతూ:
మరీ అంత వెనకేసుకు రాకండి బాబూ, మొదట్లో ఉన్న ఓ ఎగిరిపోయింది మాత్రం వాళ్ల దగ్గరే, ఫార్సీ రాతల్లో అరంగల్ అని ఉంటుంది. 1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాత ఢిల్లీ సుల్తాను అయిన ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఈయనే) కోట పట్టుకున్నాక ఏకంగా సుల్తాన్‌పూర్ అని పేరే మార్చేశాడు, ఆ పేరు మీద నాణేలు కూడా కొట్టించారు, ఇప్పుడు ఎవరికి గుర్తుంది చెప్పండి.

హన్మకొండ_చౌరస్తా:
మధ్యల దూరుతున్న ఏమనుకోకుర్రి, ఓరుగంటి అని ఇంటిపేరు ఉంటది కదా, అది గూడ ఇదేనా? గంటి ఏంది మరి?

పాతపుస్తకాలపురుగు:
ఇదేనండీ. ఇల్లు ఇంటి, విల్లు వింటి, అట్లాగే ఓరుగల్లు ఓరుగంటి. ఓరుగంటి కోట అంటే ఓరుగల్లులోని కోట. గంటకీ దానికీ ఏం సంబంధం లేదు.