డ్రంక్ అండ్ డ్రైవ్ ఫైన్ కట్టేశాక ఆర్టీఏ నోటీసు వచ్చింది, హియరింగ్‌కి వెళ్తే లైసెన్స్ నిలబడుతుందా?

కూకట్‌పల్లి వాసి:
మా తమ్ముడు క్యాబ్ నడుపుతాడు. మొన్నామధ్య రాత్రి అమీర్‌పేట దగ్గర చెకింగ్‌లో దొరికాడు, అప్పుడు బైక్ మీదున్నాడు, క్యాబ్ కాదు, ఊదే మిషన్‌లో రీడింగ్ 58 (100 మిల్లీలీటర్ల రక్తంలో 58 మిల్లీగ్రాముల ఆల్కహాల్). గోషామహల్ ట్రాఫిక్ పోలీస్ ట్రైనింగ్ సెంటర్‌లో నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ అయింది, కోర్టులో 10,000 కట్టాడు, ఇంక అయిపోయిందనుకున్నాం. ఇప్పుడేమో లైసెన్స్ ఎందుకు సస్పెండ్ చెయ్యకూడదో వచ్చి చెప్పమని నోటీసు. కారు ఈఎంఐ, ఇల్లు అంతా వాడి మీదే. వెళ్తే లాభం ఉంటుందా? లాయర్ కావాలా?

మలక్‌పేట అడ్వకేట్:
తప్పకుండా వెళ్లండి. కోర్టు కేసు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185, లైసెన్స్ సంగతి సెక్షన్ 19, ఫైన్ కట్టినా ఇది ఆగదు. 30 దాటితే కేసే కాబట్టి రీడింగ్ మీద వాదించి లాభం లేదు. 2019 సవరణ ప్రకారం మనిషి చెప్పేది విన్నాకే ఆర్డర్ ఇవ్వాలి, మొదటిసారైతే వదిలెయ్యొచ్చు లేదా 3 నెలలు సస్పెండ్ చెయ్యొచ్చు, రెండోసారైతే రద్దే. మీకు పనికొచ్చేది ఒకటుంది, లైసెన్స్‌లో ఉన్న అన్ని రకాల బండ్లకీ కాకుండా ఏదో ఒక రకానికే ఆర్డర్ వెయ్యొచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. దొరికింది బైక్ మీద కదా, టూవీలర్ వరకే ఆపండి, క్యాబ్ బతుకుదెరువు అని రాసివ్వండి. ఒప్పుకోవడం ఆఫీసర్ ఇష్టం, కానీ అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. కోర్టు ఆర్డర్, ఫైన్ రసీదు జత చేసి మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. లాయర్ లేకపోయినా పర్లేదు.

ఉప్పల్ నుంచి:
బైక్ అయితే ఏంటండీ, తాగి నడిపింది ఆ మనిషేగా. రాత్రిపూట క్యాబ్ ఎక్కే ఆడవాళ్లం మేము, 3 నెలలు ఆపితేనే మంచిదని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి వాసి:
మీ భయం నిజమే అక్కా, కాదనను. ఆ రోజు నుంచి ముట్టలేదు, అమ్మ మీద ఒట్టేశాడు. ఒకవేళ 3 నెలలు ఆపితే?

క్యాబ్ అన్న:
తమ్మీ, ఆపితే ఎయిర్‌పోర్ట్ ట్రిప్ ఒక్కటే అని కూడా స్టీరింగ్ పట్టనియ్యకు. దొరికితే సెక్షన్ 182, 3 నెలల దాకా జైలు లేదా 10,000. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు మీ మీదికే తోస్తరు, ఇల్లమ్మినా తీరదు. కారు ఇంకో డ్రైవర్‌కి కిరాయికిచ్చి ఈఎంఐ కట్టుకోండ్రి.

మలక్‌పేట అడ్వకేట్:
అంతే. ఆర్డర్ నచ్చకపోతే చేతికందిన 30 రోజుల్లో అప్పీలు. గడువు అయ్యాక లైసెన్స్ దానంతటది రాదు, లైసెన్స్ ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చెయ్యాలి, స్కూల్ సంగతి ముందే కనుక్కోండి.