సమస్య: వంకరైన బాటె వడిగఁ జేర్చు

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చినది ఆటవెలది పద్యంలో చివరి పాదం; ముందు మూడు పాదాలు రాసి సభ్యులు దాన్ని పూరించాలి. తిన్నని దారే దగ్గరదని లోకమంతా అంటుంది కనుక, వంకర దారి ఎక్కడ, ఎందుకు త్వరగా చేరుస్తుందో పూరణలో కనిపించాలి.

కడప సభ్యుడు:

గువ్వలచెరువునకుఁ గొండపై కేఁగెడు
బరువు లారి కచటఁ బట్టు దొరకు
మలుపు మలుపునందు మందగింపఁగ వాలు
వంకరైన బాటె వడిగఁ జేర్చు

అనంతపురం సభ్యుడు:

అడ్డదారిఁ దొక్క నా బాట వానకు
వాగుగాఁగ మారి వదలు మట్టి
కొండ నెక్కువారిఁ గోటగుమ్మముకడ
వంకరైన బాటె వడిగఁ జేర్చు

కర్నూలు సభ్యురాలు:

నల్లమలను సాగి నాగలూటిని దాటి
భీమునికొలనునకు వెడలునపుడు
నిట్టనిలువు మెట్లు నిలిపివేయును కాళ్ళ
వంకరైన బాటె వడిగఁ జేర్చు

నిర్వాహకుడు: కడప అన్నగారి మూడో పాదం నాకు ఎంతో నచ్చింది. 20కి 1 వాలులో ఘాట్ రోడ్డు వేస్తే 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 2 కిలోమీటర్ల రోడ్డు కావాలి; కొండ ముఖం మీద తిన్నగా అంత పొడవు దొరకదు కనుక రోడ్డు మడతలు పడుతుంది. మడత దగ్గర బండి తిరగాలి కాబట్టి అక్కడ వాలును 40కి 1కి మించనివ్వరు. కాబట్టి ‘మందగింపఁగ వాలు’ అన్నది ఉన్న మాటే. అయితే నేరుగా ఎక్కితే ఏమవుతుందో పద్యంలో లేదు. అది లేనిదే ‘బాటె’లోని ఎకారానికి బలం చాలదు.

ఆ బలం అనంతపురం వారి పూరణలో ఉంది. మలుపును కోసి అడ్డంగా దిగేవారి అడుగుజాడే వాన నీటికి కాలువై, కింది మలుపును కూడా కొట్టుకుపోయేలా చేస్తుంది. పద్యమంతా ఆ కారణం మీదే నిలిచింది.

అమ్మా, మీ పద్యం రెండో పాదంలో భీ–వె యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) సరిపోయింది, చిక్కు విషయంలో ఉంది. శ్రీశైలం కాలిబాటలోని భీమునికొలను లోయలో ఉంది. అక్కడికి దిగిన తరువాతే కైలాసద్వారం వైపు ఎక్కుడు మొదలవుతుంది. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని శాసనాలు చెప్పే దారుల గురించి రాసేటప్పుడు ఎక్కుడు, దిగుడు తారుమారు కాకూడదు.

కర్నూలు సభ్యురాలు: నిజమేనండి. శివరాత్రికి నడిచినప్పుడు దిగుడులోనే మోకాళ్ళు పట్టేయడంతో, ఆ కష్టమే మనసులో నిలిచిపోయి అలా రాశాను. రెండో పాదాన్ని ఇలా మారుస్తున్నాను:

భీమునికొలనుఁ దిగి పిదప నెక్క

నిర్వాహకుడు: భీ–పి యతి కుదిరింది, దారి కూడా సరైంది. ఈ పాదంతోనే మీ పూరణను స్వీకరిస్తున్నాను.